నక్షత్రయాన కథలు: పురాణమెంత? శాస్త్రమెంత?

కథ చెప్పని తల్లియు, కథ వినని బిడ్డయు లోకమున నుండరు. మన అమ్మమ్మలు వేసవి రాత్రులయందు మనలను వాకిట మంచములపై పరుండబెట్టుకొని, చుక్కలను వ్రేలితో చూపుచు, ధ్రువుడెట్లు పదవి పొందెనో, త్రిశంకువెట్లు నడిమింట నిలిచిపోయెనో చెప్పుచుండెడివారు. నేటి బిడ్డలకును చుక్కల కథలమీది మక్కువ తగ్గలేదు. అయితే వారు ఆ చుక్కలను వాకిట గాక తెఱమీద చూచుచున్నారు. అచ్చట చుక్కల నడుమ ఓడలు తిరుగును, వింతజాతులవారు మాటలాడుదురు, యంత్రములు మనుష్యులవలె భయపడును, అలుగును. ఇట్టి కథలను ఆంగ్లమున సైన్సు ఫిక్షననియు, తెలుగున విజ్ఞానకల్పనలనియు పిలుచుచున్నారు.

ఈ కోవలో మిక్కిలి ప్రసిద్ధికెక్కిన కథాపరంపరలు రెండు. ఒకటి స్టార్ ట్రెక్, రెండవది స్టార్ వార్స్. రెండును అమెరికా దేశమున పుట్టినవే. ఇంటిపనులలో మునిగియున్న మనకు రెండును ఒక్కటిగనే తోచును. "ఏవో రాకెట్ల కథలు" అని తలుపు దగ్గఱగా వేసి వంటయింటిలోనికి పోవుదుము. కాని వానియందభిమానము గలవారు అట్లనుకొనరు. రెండింటిలో నేది గొప్ప? రెండవది అసలు విజ్ఞానకల్పనయేనా, లేక రాకెట్టెక్కిన పురాణమా? అని వారు దాదాపు అర్ధశతాబ్దము నుండి వాదించుకొనుచున్నారు. ఇది పనిలేనివారి తగవుగా కనబడవచ్చును. అట్లు కాదనియు, ఈ తగవులోని సారము బిడ్డలను పెంచెడి మనకే యెక్కువ కావలసినదనియు నా యభిప్రాయము. ఎట్లో విన్నవించెదను.

ముందుగా కథల సంగతి. స్టార్ ట్రెక్ 1966 సెప్టెంబరు 8వ తేదీన అమెరికా టెలివిజనులో మొదలయ్యెను. దీనిని కల్పించినవాడు జీన్ రాడెన్‌బెఱీ. మూడేండ్లలో 79 కథలు ప్రదర్శింపబడినవి. తరువాత దాని శాఖలు మఱ్ఱిచెట్టు ఊడలవలె నేటికిని దిగుచునే యున్నవి. ఎంటర్‌ప్రైజు అను ఓడ యొకటి ఇరువది మూడవ శతాబ్దమున నక్షత్రముల నడుమ సంచరించును. అందు అమెరికావాడు, రష్యావాడు, జపాను సంతతివాడు, ఆఫ్రికా స్త్రీ, వేఱొక గ్రహమునకు చెందిన తండ్రికి పుట్టిన స్పాకు అను నతడు కలిసి పనిచేయుదురు. వారు చేరిన ప్రతి లోకమునను ఒక చిక్కుప్రశ్న యెదురగును. దానిని బుద్ధిచేత విప్పుటయే కథ.

స్టార్ వార్స్ మొదటి చిత్రము 1977 మే 25వ తేదీన విడుదలయ్యెను. కర్త జార్జి లూకాసు. ఈ కథ జరిగినది భవిష్యత్తున గాదు. బహుకాలము క్రిందట, ఎక్కడనో దూరపు నక్షత్రమండలమున అని చిత్రారంభముననే చెప్పుదురు. మనము "అనగనగా" అనుట వంటిదే గదా! పొలముపని చేసికొను పడుచువాడొకడు, చెఱబడిన రాకుమారి, అడవిపట్టున దాగిన వృద్ధగురువు, వెలుగే అలుగైన ఖడ్గము, లోకమంతయు నిండియున్న శక్తి, చీకటికి లొంగిపోయిన తండ్రి. ఇవి యందలి సామగ్రి. పలు దేశముల వీరగాథలను పోల్చి చూపుచు జోసెఫ్ క్యాంబెల్ 1949లో ప్రకటించిన గ్రంథమును లూకాసు చదివెను. జపాను దర్శకుడు కురొసావా 1958లో తీసిన చిత్రము నుండియు కొంత గ్రహించెను. కావున ఆ కథ మనకు క్రొత్తగా తోచదు. కుశలవులు తండ్రి నెఱుగక ఆయన సేనతో పోరాడిన కథ విన్నవారికి ఇందలి తండ్రికొడుకుల పోరాటము అర్థమగుటకు వ్యాఖ్యాన మక్కఱలేదు.

ఇక సరిహద్దు మాట. ఓడయు యంత్రమును ఉన్నంతమాత్రమున కథ విజ్ఞానకల్పన యగునా? అగునన్నచో పుష్పకవిమానము గల రామాయణము కూడ ఆ జాబితాలో చేరవలసివచ్చును. 1957 నాటి మాయాబజారు చిత్రములో ప్రియదర్శిని యను పేటిక కలదు. తెఱచి చూచినవారికి తమకు ప్రియమైనది అందు కనబడును. అది నేటి ఫోనువంటిదే యని పిల్లలు నవ్వుదురు. కాని ఆ పేటిక యెట్లు పనిచేయునని ఆ చిత్రములో నెవరును అడుగరు, మనమును అడుగము. అడుగకపోవుటవలన ఆ కథకు లోటేమియు లేదు. కనుక యంత్రము సరిహద్దు గాదు.

పోనిండు, శాస్త్రమునకు తప్పని కథయే విజ్ఞానకల్పన యందమా? అప్పుడు రెండు పరంపరలును చిక్కున పడును. వెలుగు సెకనుకు సుమారు 3,00,000 కిలోమీటర్లు పోవును. దానిని మించిన వేగము ప్రకృతిలో లేదని శాస్త్రజ్ఞుల నిర్ణయము. సూర్యుని తరువాత మనకు మిక్కిలి దగ్గఱి నక్షత్రమునుండి వెలుగు వచ్చుటకే 4 సంవత్సరములకు పైగా పట్టుచున్నది. స్టార్ వార్స్ వెలువడిన 1977లోనే సెప్టెంబరు 5వ తేదీన బయలుదేరిన వాయేజర్-1 అను నిజమైన నౌక సెకనుకు సుమారు 17 కిలోమీటర్ల చొప్పున పోవుచున్నది. అంతటి దూరము గడచుటకు దానికి 70,000 ఏండ్లు దాటును. తెఱమీది ఓడలన్ననో కాఫీ చల్లాఱులోపల నక్షత్రము నుండి నక్షత్రమునకు పోవుచున్నవి!

స్టార్ ట్రెక్‌లో మనుష్యులు ఒకచోట మాయమై మఱియొకచోట ప్రత్యక్షమగు యంత్రము కలదు. ఓడను వారమువారము నేలకు దింపినట్లు చూపుటకు ఖర్చు తాళలేక కల్పించిన యుపాయమది. కణముయొక్క స్థానమును వేగమును ఒక్కసారిగా కచ్చితముగా నెఱుగజాలమని హైసెన్‌బర్గు 1927లో నిరూపించెను గదా, మనిషి నెట్లు విడదీసి కూర్చెదరని యడిగినవారికి, హైసెన్‌బర్గు చిక్కును సరిచేయు సాధనమొకటి అందున్నదని పేరుమాత్రము పెట్టి ఊరకుండిరి. స్టార్ వార్స్‌లో ఓడనాయకుడొకడు తన ఓడ వేగమును పొగడుకొనుచు పార్సెక్కులను లెక్క చెప్పును. పార్సెక్కు దూరపు కొలత. "నేను పండ్రెండు కోసులలోపల పొరుగూరికి పోయి వచ్చితిని" అని పరుగును మెచ్చుకొనుట వంటిది.

ఈ తగవు నేటిది గాదు. జూల్స్ వెర్న్ 1865లో మనుష్యులను ఫిరంగిలో నుంచి చంద్రునివైపు పేల్చెను. 1901లో హెచ్. జి. వెల్సు భూమి యాకర్షణను అడ్డగించు పదార్థమును కల్పించి తన వారిని చంద్రునికి పంపెను. తాను ఉన్న శాస్త్రమును వాడగా వెల్సు లేని పదార్థమును సృష్టించెనని వెర్న్ ఆక్షేపించెను. కాని ఆ ఫిరంగి ప్రేలిన క్షణముననే లోపలివారు నుగ్గగుదురని లెక్క తెలిసినవారు చెప్పుదురు! కావున నిర్దోషమైన శాస్త్రమును గీటుఱాయిగా పెట్టుకొన్నచో నిలుచు కథలు వ్రేళ్లమీద లెక్కింపదగినన్ని యుండును.

మఱి సరిహద్దెక్కడ? దానిని నాకు చూపినది మా యింటిలోని యొక చిన్న సంఘటన.

మా చెల్లెలి పిల్లలు సెలవులకు వచ్చిరి. పిల్లకు పదేండ్లు, పిల్లవానికి పండ్రెండు. అందఱము కూర్చుండి స్టార్ వార్స్ మొదటి చిత్రమును చూచుచుంటిమి. అందు రెండు మరమనుష్యులు కలవు. ఒకటి మాటలపుట్ట, పిఱికిది. రెండవది మొండిది, ధైర్యముగలది. ఎడారిలో తిరుగు బేహారులు వానిని పట్టుకొని అమ్ముదురు. పాఱిపోకుండ వాని మేనికి బంధనమువంటి బిళ్ల బిగింతురు. తరువాత పానశాల యజమాని వానిని లోపలికి రానీయడు. కథానాయకుడు వానిని బయటనే యుండుమనును. అప్పుడా పిల్ల నావైపు తిరిగి, "పెద్దమ్మా, ఆ మరమనిషికి మాటలొచ్చు, భయమేస్తుంది, స్నేహితుడున్నాడు. మరి దాన్ని సంతలో గొడ్డులాగా అమ్మేశారేం? నీకిష్టమేనా అని ఎవ్వరూ అడగలేదేం?" అని యడిగెను.

నేను బదులు చెప్పులోపలనే ప్రక్కనున్న పెద్దావిడ యొకరు, "కథకు కాళ్లు లేవు, ముంతకు చెవులు లేవు. ఆడపిల్లకి ఇన్ని ప్రశ్నలెందుకే, చూడు!" అని కసరిరి. కొంతసేపటికి పిల్లవాడు, "వెలుగు కత్తి అంత పొడవు దగ్గరే ఎలా ఆగిపోతుంది?" అని యడిగెను. ఆ పెద్దావిడయే మురిసిపోయి, "వీడు ఇంజనీరవుతాడు, చూస్తూ ఉండండి" అనిరి. పిల్ల మఱి మాటలాడలేదు. దిండు ఒడిలో పెట్టుకొని తెఱవైపు చూచుచు కూర్చుండెను.

పిల్లవాని ప్రశ్న మంచిదే. కాని పిల్ల యడిగిన ప్రశ్న యింకను లోతైనది. ఆ ప్రశ్ననే స్టార్ ట్రెక్ రెండవ తరము పరంపర 1989లో ఒక పూర్తి కథగా నడపెను. వ్రాసినది మెలిండా స్నాడ్‌గ్రాసు అను స్త్రీ. ఆమె అంతకుముందు న్యాయవాదినిగా పనిచేసినది. ఓడలో డేటా యను మరమనిషి ఉద్యోగి యున్నాడు. ఒక శాస్త్రజ్ఞుడు వానిని విప్పి పరీక్షించి, అట్టివారిని వేలకొలదిగా చేయవలెనని కోరును. డేటా యొప్పుకొనడు. "యంత్రము ఒప్పుకొనుట యేమి? అది ప్రభుత్వపు సొత్తు" అని శాస్త్రజ్ఞుని వాదము. విచారణ జరుగును. డేటా పక్షమున ఓడనాయకుడు వాదించును. ఇష్టము లేకున్నను ఎదిరిపక్షము పట్టవలసిన తోటి యుద్యోగి, డేటా వీపుననున్న మీట నొక్కి వాని చేష్టలనాపి చూపును. మీట నొక్కిన ఆగిపోవునది మనిషి యెట్లగును? మాట తెలిసి, తన్ను తానెఱిగి, కాదనగల దానిని సొత్తనుట యెట్లు? అట్టివారిని వేలకొలదిగా చేసి పనిచేయించుకొన్నచో అది బానిసత్వము గాదా? తుదకు న్యాయాధికారిణి, డేటా యెవరి సొత్తును గాదనియు, తన దారిని తానే యెంచుకొనవచ్చుననియు తీర్పు చెప్పును.

సోదరీమణులారా, సరిహద్దు ఇచ్చటనే యున్నదని నాకు తోచుచున్నది. రెండు కథలయందును మరమనిషి యొక్కటే. ఒకచోట వాడు భృత్యుడు, హాస్యమునకు తోడు, ఆపదలో నమ్మినబంటు; కథ వానిని ప్రేమించును గాని వానినిగుఱించి ప్రశ్నింపదు. 2018లో వచ్చిన స్టార్ వార్స్ చిత్రమొకదానిలో ఒక యంత్రపాత్ర తన జాతికి సమానహక్కులు కోరెను. కథ దానిని చాలవఱకు నవ్వులాటగనే చేసి ముందుకు సాగెను. రెండవచోట వానివలననే కథ పుట్టెను. "ఇట్టిదొకటి నిజముగ నున్నచో ఏమగును? ఎవరికి మేలు? ఎవరికి కీడు? మన ధర్మశాస్త్రము దానికి చాలునా?" అని యడుగునది విజ్ఞానకల్పన. అందలి యంత్రము సాధ్యమా, అసాధ్యమా యనునది తరువాతి మాట. తాను పెట్టిన నియమమునకు తాను కట్టుబడి, దాని ఫలమును చివరిదాక లెక్క చూచుటయే దాని లక్షణము. నేడు యంత్రములు నిజముగనే మాటలాడుచున్న కాలములో ఆ 1989 నాటి విచారణ కథ నిన్ననే వ్రాసినట్లున్నది.

ఇంతమాత్రమున స్టార్ వార్స్ తక్కువదని నేననను. పురాణము చేయు పని వేఱు. 1983 నాటి చిత్రములో కుమారుడు తండ్రిని చంపగలిగియు చంపక, చేతి ఖడ్గమును పాఱవైచి నిలుచును. ఆ క్షమయే తండ్రిని మార్చును. ఆ ఘట్టమున శాస్త్రమెందులకు? 1999లో వచ్చిన చిత్రమున లూకాసు, ఆ లోకవ్యాప్తమైన శక్తికి రక్తములోని సూక్ష్మజీవులు కారణమనియు, పరీక్షచేసి యెంత గలదో లెక్కింపవచ్చుననియు చెప్పించెను. శాస్త్రము చేర్చినందులకు అభిమానులు సంతసింపలేదు సరిగదా, నొచ్చుకొనిరి. తులసికోటలోని దీపమునకు ఎన్ని వాట్లని యడిగినట్లయ్యెను.

మన పురాణములందును ఇట్టి సందర్భమున్నది. కకుద్మి యను రాజు తన కూతురు రేవతికి వరుని నిర్ణయింపుమని యడుగుటకు బ్రహ్మలోకమునకు పోయి, పాట ముగియువఱకు కొంతసేపు వేచియుండెను. అంతలో భూమిమీద 27 చతుర్యుగములు గడచిపోయెనని భాగవతము చెప్పుచున్నది. వేగమునుబట్టి కాలపు నడక మాఱునని ఐన్‌స్టీను 1905లో చెప్పినది చూచి, అది మనకు ముందే తెలియునని కొందఱందురు. నా కది సమ్మతము గాదు. పురాణము చూపినది మహాద్భుతము. అందలి సారము కాలమహిమ, మానవుని అల్పత్వము. ఐన్‌స్టీను చూపినది కారణము, లెక్క. రెండింటిని కలగలిపినచో పురాణమునకు గౌరవము పెరుగదు, శాస్త్రమునకు బలము చేకూరదు. దేని పీట దానికి వేయుటయే మర్యాద.

అయితే ఈ సరిహద్దు ఇటుకగోడ గాదు. రెండు పెరళ్ల నడుమనున్న దడివంటిది. తీగెలు అటునిటు ప్రాకుచునే యుండును. స్టార్ ట్రెక్ 1967 నాటి యొక కథలో గ్రీకుల దేవుడు అపోలోయే యెదురువచ్చి నిలుచును. స్టార్ వార్స్ నాయకుడు పెరిగిన గ్రహమునకు సూర్యులిద్దఱు. 1977లో అది కవికల్పన. 2011లో కెప్లర్ దూరదర్శిని రెండు సూర్యుల చుట్టును తిరుగు నిజమైన గ్రహమునే కనుగొనగా, శాస్త్రజ్ఞులు ఆ చిత్రమునే తలచుకొనిరి.

ఈ కథలు ఆడువారికి గావని యనుకొనుట మాత్రము చరిత్ర తెలియనివారి మాట. విజ్ఞానకల్పనకు మొదటి గ్రంథముగా పలువురెంచు ఫ్రాంకెన్‌స్టీను 1818లో వెలువడినది. దానిని మొదలుపెట్టునప్పటికి మేరీ షెల్లీకి 18 ఏండ్లు. 1905లో బెంగాలు స్త్రీ రొకియా సుల్తానా స్వప్నమను కథ వ్రాసెను. అందు స్త్రీలే రాజ్యమేలుదురు. ఎండవేడిమితో వంట చేసికొందురు. గాలిలో బండ్లు నడుపుదురు. పురుషులు అంతఃపురమున నుందురు. ఆ కథను ప్రచురించినది మదరాసులో తెలుగింటి ఆడపడుచు కమలా సత్యనాథన్ నడపిన ఇండియన్ లేడీస్ మ్యాగజైను. అనగా మన దేశమున విజ్ఞానకల్పన తొలినాళ్లలోనే స్త్రీల మాసపత్రికలో చోటుచేసికొన్నది.

స్టార్ ట్రెక్ తొలి పరంపరకు కథల కూర్పు చూచినది డొరతీ ఫాంటానా. స్త్రీ యని తెలియకుండుటకై పేరు పొడియక్షరములతో వ్రాసికొనెను. స్టార్ వార్స్ రెండవ చిత్రమునకు తొలి చిత్తుప్రతి వ్రాసినది లీ బ్రాకెట్. ఎంటర్‌ప్రైజు ఓడలోని ఉహూరా పాత్రధారిణి నిషెల్ నికోల్సు 1977లో అమెరికా అంతరిక్షసంస్థ పక్షమున ఊరూర తిరిగి, వ్యోమగాములుగా దరఖాస్తు చేయుడని స్త్రీలను, నల్లజాతివారిని ప్రోత్సహించెను. అంతవఱకు ఆ సంస్థ వ్యోమగాములలో ఒక్క స్త్రీయు లేదు. 1978లో ఎన్నికైన 35 మందిలో 6గురు స్త్రీలు. చిన్ననాట ఆ పాత్రను తెఱపై చూచి ఉత్సాహము పొందిన మే జెమిసన్ 1992లో నిజముగనే అంతరిక్షమునకు పోయెను. అట్లు పోయిన నల్లజాతి స్త్రీలలో ఆమెయే మొదటిది. తెఱమీది కల్పన ఒక బాలిక బ్రతుకును ఎంతదూరము నడిపించెనో చూడుడు.

కావున నా మనవి యిది. మన యిండ్లలో బిడ్డలు రెండు విధముల కథలను చూడనిండు. ఇది తగును, ఇది తగదని అడ్డు పెట్టకుడు. వారిప్రక్కన కొంతసేపు కూర్చుండుడు. పురాణరీతి కథ ముగిసినపుడు, "ఆ చోట నీవున్నచో ఏమి చేసియుందువు?" అని యడుగుడు. విజ్ఞానకల్పన ముగిసినపుడు, "ఆ లోకపు కట్టుబాటేమి? దానివలన ఎవరికి కష్టము కలిగెను?" అని యడుగుడు. మొదటి ప్రశ్న బిడ్డకు ధైర్యమును, దయను నేర్పును. రెండవది విచారమును నేర్పును. ఈ రెండును కొడుకునకెంత యవసరమో కూతురునకు నంత యవసరము.

చిత్రము ముగిసిన పిమ్మట ఆ రాత్రి నేను మా పిల్లకు డేటా విచారణ కథ చెప్పితిని. తీర్పు వినగానే లేచి కూర్చుండి, "మరి ఆ ఎడారిలో అమ్మేసిన వాళ్లకి తీర్పెవరు చెప్తారు?" అని యడిగెను. నా యొద్ద సమాధానము లేకపోయెను. "నీవే వ్రాయరాదా?" అంటిని. ఇప్పుడు ఆమె పాతలెక్కల పుస్తకము వెనుక పుటలలో ఆ మరమనుష్యుల పక్షమున అర్జీ వ్రాయుచున్నది. ఇప్పటికి నాలుగు పుటలైనవి.